ముప్పై రోజుల్లో రిపోర్టు

నరసరావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రేని వెలుగు పెట్టెకు తగిలించి, రెండు వైపులా వేలితో గీసి గీసి చూశాడు. ఎదురుగా స్టూలు మీద మస్తానయ్య కూర్చున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. ఒక్క అంతస్తు మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. పక్కన అతని భార్య ఆదెమ్మ, వెనకాల వాళ్ల ఊరి ఆశా కార్యకర్త సుప్రజ నిలబడి ఉన్నారు.

"ఏం పని చేస్తావు?" అన్నాడు డాక్టరు.

"నాపరాళ్ల ఫ్యాక్టరీలో కటింగ్ మిషను మీద సార్. ఇరవై ఆరేళ్ల నుంచి."

"రాతి దుమ్ము లోపల చేరి గట్టిపడిపోయింది. సిలికోసిస్ అంటారు దీన్ని. గట్టిపడింది మళ్లీ మెత్తబడదు. నాలుగేళ్ల కిందట తెలుసుకుని ఆ పని మానేసి ఉంటే ఇంత త్వరగా ముదిరేది కాదు. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా?"

"ఎందుకు చేయించుకోలేదు సార్. సరిగ్గా నాలుగేళ్ల కిందటే యూనివర్సిటీ వాళ్లు మా ఊరొచ్చి అందరికీ చేశారు. గొట్టంలో ఊదించారు, వ్యాన్‌లో ఎక్స్‌రే తీశారు. నాకేం లేదు."

"ఏం లేదని రిపోర్టు ఇచ్చారా?"

"రిపోర్టు రాలేదు సార్. ఏమన్నా ఉంటే చెప్పేవాళ్లుగా. చెప్పలేదంటే బాగున్నట్టే. మా సుప్రజ ఫోన్ చేసి మరీ కనుక్కుంది."

డాక్టరు తలెత్తి సుప్రజ వైపు చూశాడు. చీటీ మీద మందులు రాయడం మొదలుపెట్టాడు. సుప్రజకు మాత్రం ఆ గదిలో నిలబడటం కష్టమైంది.

మస్తానయ్య అన్నది నిజమే. దాచేపల్లి దగ్గర క్వారీల పక్కనున్న వాళ్ల గుట్టపాలెంలోకి నాలుగేళ్ల కిందట ఒక తెల్ల వ్యాను వచ్చింది. దాని మీద కృష్ణవేణీ విశ్వవిద్యాలయం ముద్ర, కింద నార్వే దేశపు యూనివర్సిటీ ఒకదాని ముద్ర ఉన్నాయి. కృష్ణవేణి అంటే తెల్లదొరల కాలంలో పెట్టిన యూనివర్సిటీ. ఊళ్లో ఒక్కరు కూడా అక్కడ చదవకపోయినా పేరు తెలియనివాళ్లు లేరు. వ్యానుతో పాటు భార్గవి అనే పిల్ల వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. రాతి పనివాళ్ల ఊపిరితిత్తుల మీద రెండు దేశాలవాళ్లు కలిసి చేస్తున్న పరిశోధన అని చెప్పింది. ఇంటింటికీ తిరిగి మగవాళ్లను తీసుకురావడానికి సుప్రజ సాయం అడిగింది.

మొదట ఎవరూ రాలేదు. జబ్బని తేలితే ఫ్యాక్టరీ నుంచి తీసేస్తారేమోనని భయపడ్డారు. సుప్రజ ఒక్కో గడప దగ్గర కూర్చుని నచ్చజెప్పింది. పరీక్షకు ముందు ఒప్పుకోలు పత్రం చదివి వినిపించాలి. అది రెండు పేజీల తెలుగు కాగితం. నూట పన్నెండు మందికి నూట పన్నెండు సార్లు ఆమే చదివింది. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికే నోటికి వచ్చేసింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: 'మీ పరీక్ష ఫలితాలు ముప్పై రోజుల్లో మీకు వ్యక్తిగతంగా తెలియజేయబడతాయి.' ఆ వాక్యం దగ్గరే మగవాళ్లంతా తలూపి వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. నరసరావుపేట వెళ్లి ఎక్స్‌రే తీయించుకోవాలంటే ఒక పూట కూలి పోతుంది. ఇది ఇంటి ముందుకొచ్చింది.

ముప్పై రోజులు గడిచాయి. అరవై గడిచాయి. సుప్రజ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి భార్గవి, "సీరియస్‌గా ఏమన్నా ఉంటే ముందే చెప్పేవాళ్లం కదా అక్కా" అంది. ఆ మాటను సుప్రజ కుళాయి దగ్గర చెప్పింది, బడ్డీ కొట్టు దగ్గర చెప్పింది, అడిగిన ప్రతివాడికీ చెప్పింది. ఆ తర్వాత అడగడం మానేశారు. మస్తానయ్య మర్నాడు కూడా మిషను ఎక్కాడు. నాలుగేళ్లు ఎక్కుతూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో ఆదెమ్మ కిటికీ పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టి, తను సుప్రజ పక్కన కూర్చుంది.

"పిన్నీ, నన్ను నాలుగు తిట్టరాదా," అంది సుప్రజ.

"నిన్ను తిట్టి ఏం చేసేది అమ్మాయ్. వాళ్లు చెప్పిందే నువ్వు చెప్పావు."

తిట్టినా అంత బాధ ఉండేది కాదేమో.

మూడో రోజు సుప్రజకు ఒక ఫోన్ వచ్చింది. కృష్ణవేణీ విశ్వవిద్యాలయం నుంచి, ప్రజా సంబంధాల ఆఫీసులో పనిచేసే ఉద్యోగి. గొంతు చాలా మర్యాదగా ఉంది. యూనివర్సిటీ నూటపాతికేళ్ల ఉత్సవాలు జరుగుతున్నాయనీ, వచ్చే బుధవారం ముగింపు సభ అనీ, నార్వే అతిథులు వస్తున్నారనీ చెప్పాడు. పరిశోధనలో పాలుపంచుకున్న ఊరి వాళ్లను వేదిక మీద సత్కరించాలని అనుకున్నారట. ఒక పదిమంది కార్మికుల్ని తీసుకురమ్మన్నాడు.

"పనిలో ఎట్లా ఉంటారో అట్లానే వస్తే బాగుంటుందమ్మా. తలపాగా, అవీ."

"మావాళ్లు తలపాగాలు చుట్టరండీ. ప్యాంట్లు, టీషర్టులు వేసుకుంటారు."

"పోనీ భుజం మీద టవలన్నా ఉంటుంది కదా."

"రిపోర్టులు కూడా ఆ రోజే ఇస్తారా?" అని అడిగింది సుప్రజ.

"ఏ రిపోర్టులమ్మా?"

వస్తామని మాత్రం చెప్పి పెట్టేసింది.

భార్గవి ఇప్పుడు నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోందని కనుక్కుని, సోమవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్లింది. భార్గవి గుర్తుపట్టి నవ్వింది. కాలేజీ క్యాంటీన్‌లో టీ చెప్పింది. మస్తానయ్య సంగతి వినగానే ఆ నవ్వు పోయింది.

"అసలు పరీక్షల్లో ఏం తేలింది?" అని అడిగింది సుప్రజ.

భార్గవి కాసేపు ఫోన్ చేతిలో తిప్పుకుని, ఒక ఇంగ్లీషు పేపరు తెరిచి చూపించింది. విదేశీ పత్రికలో మూడేళ్ల కిందటే అచ్చయింది. చివర ఒక పట్టిక. పేర్లు లేవు, నంబర్లు ఉన్నాయి. నూట పన్నెండు మందిలో నలభై ఒక్కరికి జబ్బు ఉంది. పదిహేడు మందికి బాగా ముదిరింది.

సుప్రజ సంచిలోంచి తన పాత నోట్‌బుక్ తీసింది. పరీక్షల రోజుల్లో ఏ నంబరు ఎవరిదో ఆమె రాసిపెట్టుకున్నది. ముప్పై ఎనిమిది అంటే మస్తానయ్య. ముప్పై ఎనిమిది ఎదురుగా ఏముందో చదివి చెప్పమంది.

"మధ్య దశ," అంది భార్గవి.

"అంటే నాలుగేళ్ల కింద మధ్యలో ఉంది. ఇప్పుడు చివరికొచ్చింది. నేను మూడోసారి ఫోన్ చేసిన రోజుకి నీకు తెలుసా ఇది?"

భార్గవి టీ గ్లాసు వైపు చూసింది. "ఎక్స్‌రేలు రెండో నెలలోనే చదివేశాం అక్కా. నా గైడు సీతాపతి గారే ఆపమన్నారు. ఫలితాలు ముందే బయటపడితే ఫ్యాక్టరీ ఓనర్లు గొడవ చేస్తారు, మిగతా ఊళ్లలో సర్వే చేయనివ్వరు, పేపరు వచ్చాక ఇద్దాం అన్నారు. పేపరు వచ్చేసరికి ప్రాజెక్టు అయిపోయింది. మనమేమన్నా ఆస్పత్రి వాళ్లమా అన్నారు. నా థీసిస్ మీద సంతకం ఆయన చేతిలో ఉంది."

"సంతకం పెట్టాడా?"

"పెట్టారు."

"ఎప్పుడు?"

"రెండేళ్లు దాటింది."

"మరి పెట్టినాకన్నా ఒక ఫోన్ చేయొచ్చుగా."

భార్గవి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లకు జాలిపడే ఓపిక సుప్రజకు ఆ రోజు లేదు. "బుధవారం సభకి వస్తున్నావా?" అని అడిగింది. తననీ పిలిచారనీ, చూస్తాననీ భార్గవి చెప్పింది. టీ తాగకుండానే సుప్రజ లేచింది.

ఆ సాయంత్రమే బడి వరండాలో పదిమందిని కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తను ఊరంతా చెప్పిన మాట తప్పని కూడా చెప్పింది. ఎవరి నంబరుకి ఏముందో మాత్రం చెప్పలేదు. ఆమెకూ పూర్తిగా తెలియదు. మస్తానయ్యది ఒక్కటే చదివించుకుంది. మిగతావాళ్లది వాళ్లే అడిగి తీసుకోవాలి, కాగితం మీద తీసుకోవాలి.

బ్రహ్మాజీ అనే ముప్పై నాలుగేళ్ల పాలిషింగ్ పనివాడు లేచి నిలబడ్డాడు. "నువ్వొచ్చి బతిమాలబట్టే గదా అక్కా మేం ఊదింది. నువ్వు బాగుందంటేనే గదా నమ్మింది."

"అవును," అంది సుప్రజ.

"అవునంటే సరిపోద్దా?"

"సరిపోదు. అందుకే రమ్మంటున్నా."

మస్తానయ్యను రావద్దన్నారు. ఆయన వినలేదు. "నా ఊపిరి గురించి మాట్టాడుకునే చోటికి నేను పోకపోతే ఎట్టా," అన్నాడు.

బుధవారం తెల్లారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి, పది గంటలకు యూనివర్సిటీ గేటు ముందు దిగారు. ఎర్ర ఇటుక కట్టడం, ఎత్తైన కమానులు, మధ్యలో గడియార స్తంభం. లోపల వరండాలన్నీ నల్లటి నాపరాళ్లు పరిచి ఉన్నాయి. మస్తానయ్య ఆయాసం తీర్చుకోవడానికి ఒక స్తంభం పక్కన కూర్చుని నేల మీద అరచేయి ఆనించాడు.

"మా రాయే ఇది. మిషను మీద కోసింది కాదు, ఉలితో చెక్కింది. మా తాతలనాటిది."

అటుగా పోతున్న అతిథుల్లో ఒకాయన ఆగి, నేలను తడుముతున్న ఆ చేతిని ఫొటో తీసుకున్నాడు. ఆ గుంపు ముందు ప్రొఫెసర్ సీతాపతి నడుస్తున్నాడు. తెల్లటి చొక్కా, మెడలో ఉత్సవాల బ్యాడ్జి. యూనివర్సిటీ ఎప్పుడు పుట్టిందో, వందేళ్ల కిందటే ఇక్కడి నుంచి జర్మనీకి ఎవరు వెళ్లి చదివి వచ్చారో, ఏ గదిలో ఏ పాత దుర్భిణి ఉందో ఇంగ్లీషులో చెబుతున్నాడు. మంచి గొంతు. విన్నవాళ్లు ముచ్చటపడుతున్నారు.

వరండా చివర వారసత్వ ప్రదర్శన. ఒక గోడ నిండా ప్రపంచ పటం, యూనివర్సిటీ నుంచి పద్నాలుగు దేశాలకు ఎర్ర దారాలు లాగి ఉన్నాయి. దాని పక్క గోడ మీద మనిషికంటే పెద్ద ఫొటో ఒకటి ఉంది. బుగ్గలు పొంగించి గొట్టంలో ఊదుతున్న మస్తానయ్య. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది: 'పల్నాడు రాతి కార్మికుడు. సమాజంతో మా భాగస్వామ్యం.'

మస్తానయ్య తన ముఖం ముందు తనే నిలబడి చూశాడు. "నా పేరు రాయలేదేంది?"

ఫోన్ చేసి పిలిచిన ఉద్యోగి పక్కనే ఉన్నాడు. "పరిశోధనలో ఉన్నవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు పెద్దాయనా. ప్రైవసీ రూలు."

"ముఖం అంత పెద్దది పెట్టి, పేరుకి రూలు అడ్డమొచ్చిందా?" అన్నాడు బ్రహ్మాజీ.

ఉద్యోగి నవ్వి, సభకు వేళయిందని వాళ్లను లోపలికి తోలాడు.

హాలు నిండుగా ఉంది. వేదిక మీద రిజిస్ట్రారు, సీతాపతి, నార్వే నుంచి వచ్చిన ఇంగ్రిడ్ అనే నెరిసిన జుట్టు ప్రొఫెసరు కూర్చున్నారు. ఇంగ్రిడ్ పక్కన ఒక అధ్యాపకుడు తెలుగు మాటల్ని ఆమె చెవిలో ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు. నాలుగో వరసలో భార్గవి కనిపించింది. పదిమంది కార్మికుల్నీ వరసగా పిలిచి శాలువాలు కప్పారు. పేర్లు పిలవలేదు. ఒకటో మిత్రుడు, రెండో మిత్రుడు అనుకుంటూ కప్పారు. చప్పట్లు మోగాయి. ఈ పరిశోధన వల్ల యూనివర్సిటీకి అంతర్జాతీయ గుర్తింపు ఎలా వచ్చిందో సీతాపతి వివరించాడు. ఆఖర్న సుప్రజకు మైకు ఇచ్చి, "రెండు మాటలు చెప్పమ్మా, మీ అనుభవం," అన్నాడు.

సుప్రజ మైకు అందుకుంది. సంచిలోంచి రెండు పేజీల కాగితం తీసింది.

"అందరికీ నమస్కారం. ఇది మీరిచ్చిన కాగితమే. దీన్ని మా ఊళ్లో నూట పన్నెండు సార్లు చదివా. ఇప్పుడు మీ ముందు ఇంకోసారి చదువుతా. 'మీ పరీక్ష ఫలితాలు ముప్పై రోజుల్లో మీకు వ్యక్తిగతంగా తెలియజేయబడతాయి.' నాలుగేళ్లయింది. ఒక్కరికి కూడా తెలియజేయలేదు. నలభై ఒక్కమందికి జబ్బుందని మీకు రెండో నెలలోనే తెలుసు. మీ ఇంగ్లీషు పేపర్లో ఉంది. మా మస్తానయ్య బాబాయ్‌కి మాత్రం మొన్న నరసరావుపేట డాక్టరు చెబితే తెలిసింది. బయట గోడ మీద ఉన్నది ఆయనే. ఇన్నేళ్లూ ఆయన దుమ్ములో పనిచేస్తానే ఉన్నాడు. మీరు చెప్పలేదు కాబట్టి."

ఇంగ్రిడ్ పక్కనున్న అధ్యాపకుడు మధ్యలో అనువాదం ఆపేశాడు. ఆమె అతని మోచేయి తట్టి, చెప్పమన్నట్టు సైగ చేసింది. అతను తల వంచుకుని చెప్పాడు. ఆమె వింటూ తన ల్యాప్‌టాప్ తెరిచి ఏదో వెతికింది. దొరికాక అతనికి చూపించి అడిగింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"వీళ్లకు పంపిన తుది నివేదికలో వేరేగా ఉందంటున్నారు మేడమ్. ఫలితాలన్నీ స్థానిక సహాయకురాలు శ్రీమతి సుప్రజ ద్వారా ఇంటింటికీ అందజేశాం అని ఉందట."

ఫొటో కింద పేరు రాయడానికి అడ్డొచ్చిన రూలు ఇక్కడ అడ్డు రాలేదు. శాలువాలు కప్పుకున్న పదిమందీ సుప్రజ వైపు తిరిగారు. బ్రహ్మాజీ కళ్లలో ఒక్క క్షణం అనుమానం మెదలడం ఆమెకు కనిపించింది. ఆ ఒక్క క్షణానికి ఆమె ఒళ్లంతా మండిపోయింది. ఇన్నాళ్లూ తప్పు చేశానని కుమిలిపోయిన మనిషి, చేయని తప్పు ఒకటి తన పేరు మీద రాసి విదేశం పంపారని అప్పుడు తెలుసుకుంది.

"నా చేతికి ఒక్క కాగితం ఇచ్చినట్టు ఎక్కడన్నా నా సంతకం ఉంటే చూపించండి," అంది. "చూపిస్తే మా ఊళ్లో చెప్పుతో కొట్టించుకుంటా."

సీతాపతి లేచాడు. "చూడమ్మా, నీ ఆవేదన నాకు అర్థమైంది. ఇలాంటివి వేదిక మీద మాట్లాడుకునేవి కావు. నా గదిలో కూర్చుని..."

"నాలుగేళ్లు మీ గదిలోనే ఉన్నాయి గదా సార్ అవి." ఆమె నాలుగో వరస వైపు చూసింది. "భార్గవీ, నువ్వు చెప్పు. ఇచ్చారా?"

అందరి తలలూ అటు తిరిగాయి. భార్గవి వెంటనే లేవలేదు. లేచాక కూడా ముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకుంది. "ఇవ్వలేదు," అంది. అదే మాట ఇంగ్లీషులో ఇంగ్రిడ్ వైపు చూసి చెప్పింది. "ఆ వాక్యం నేనే టైపు చేశాను, సార్ చెబితే," అని కూర్చుంది.

ఇంగ్రిడ్ ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయింది. సుప్రజ ఆమె వైపే తిరిగి, అనువాదం చేసే ఆయనతో అంది: "ఆ మేడమ్‌కి ఇది కూడా చెప్పండి. కాగితం మీద నా పేరు చూశారు గదా. అందాయా అమ్మా అని ఒక్కసారన్నా నాకు ఫోన్ చేసి అడగొచ్చుగా. మీ దేశం నుంచి వ్యాను మా ఊరి దాకా వచ్చింది. ఒక ఫోన్ రాలేకపోయిందా?"

అతను చెప్పాడు. ఇంగ్రిడ్ ల్యాప్‌టాప్ మూసేసింది.

వాళ్లు పదకొండుమందీ వేదిక దిగి నేరుగా రిజిస్ట్రారు ఆఫీసు ముందుకొచ్చి, నడవలో నాపరాళ్ల మీద కూర్చున్నారు. భోజనాల హాలుకి దారి అదే. రిజిస్ట్రారు వచ్చి మొదట మంచిగా, తర్వాత విసుగ్గా చెప్పాడు.

"ఆ వివరాలు గోప్యమైనవి. ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకూడదు."

"ఎవరి గోప్యం సార్?" అంది సుప్రజ.

"అదే, పరీక్ష చేయించుకున్నవాళ్లది. వాళ్ల రక్షణ కోసమే."

"వాళ్లే వీళ్లు. వాళ్ల ఊపిరి సంగతి వాళ్లకి చెప్పకుండా రక్షిస్తారా?"

రిజిస్ట్రారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దరఖాస్తు పెట్టుకోండి. కమిటీ ముందు పెడతాం."

"అట్టాగే పెట్టండి," అన్నాడు మస్తానయ్య నెమ్మదిగా, ఒక్కో మాటకీ గాలి పీల్చుకుంటూ. "కమిటీ కూసునే దాకా మేం గూడా ఈడే కూసుంటాం. రాయి మాకేం కొత్త గాదు."

అతిథులు భోజనానికి వాళ్ల మధ్యనుంచే కాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ వెళ్లాల్సి వచ్చింది. ఇంగ్రిడ్ వెళ్లలేదు. రిజిస్ట్రారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల మాటలు పెద్దవయ్యాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఒక గుమాస్తా బయటికి వచ్చాడు. కాగితాలు ఉన్నాయి గానీ వాటి మీద నంబర్లే ఉన్నాయట. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితాను ప్రాజెక్టు అయిపోగానే చెరిపేశారట. సుప్రజ దగ్గర నోట్‌బుక్ ఉందని భార్గవి చెప్పిందట. అది ఇస్తే సరిచూసి ఇస్తామన్నాడు.

నూటపాతికేళ్ల విశ్వవిద్యాలయంలో నూట పన్నెండు పేర్లు ఎవరి దగ్గరా లేవు. నలభై రూపాయల నోట్‌బుక్‌లో ఉన్నాయి.

"ఇయ్యను," అంది సుప్రజ. "నేను నంబరు చెప్తా, మీరు కాగితం తియ్యండి."

అలాగే జరిగింది. ఆమె నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని ఒక్కో నంబరూ చదివింది. గుమాస్తా ఒక్కో కాగితం తీసి ఇచ్చాడు. అందులో ఏముందో తెలుగులో చెప్పమంటే భార్గవి వచ్చి వాళ్ల మధ్య నేల మీద కూర్చుని చెప్పింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, రమ్మనలేదు. పదిమందిలో నలుగురికి ఏమీ లేదు. ఆరుగురికి ఉంది. బ్రహ్మాజీది మొదటి దశ, నాలుగేళ్ల కిందటి మాట. ఇప్పుడెక్కడుందో మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భుజం మీది శాలువా తీసి నాలుగు మడతలు వేసి, రిజిస్ట్రారు బల్ల మీద పెట్టి వచ్చాడు. బస్సులో సుప్రజ పక్క సీటులో కూర్చుని, "అక్కా, ఆ లోపల ఒక్క రవ్వ నిన్ను అనుమానించా," అన్నాడు.

"చూశాలే," అంది ఆమె.

ఆ తర్వాత జరిగినవి కొన్ని మంచికి, కొన్ని ఎందుకూ కొరగాకుండా జరిగాయి. బ్రహ్మాజీ, మరో ఇరవై మంది ఫ్యాక్టరీలో మూడు రోజులు పని ఆపేశాక, యజమాని కటింగ్ మిషన్ల మీద నీళ్లు చల్లే గొట్టాలు పెట్టించాడు. మస్తానయ్య పని మానేశాడు. పరిహారం దరఖాస్తు నడుస్తోంది. ఇంగ్రిడ్ క్షమించమంటూ తెలుగులోకి మార్పించి ఉత్తరం పంపింది. అందులో వంకలు లేవు, అంతవరకు మేలు. కృష్ణవేణిలో విచారణ కమిటీ వేశారు. అది రెండోసారి కూర్చోకముందే సీతాపతి రిటైరయ్యాడు. ఆయనకు పెద్ద సన్మానం చేశారని, వారసత్వ ప్రదర్శనలో ఆయన ఫొటో పెట్టారని, కింద పేరు కూడా రాశారని భార్గవి ఫోన్లో చెప్పింది.

మిగతా నూట రెండు రిపోర్టులు రిజిస్టర్డ్ పార్సిల్‌లో వచ్చాయి. పైన ఒక ఉత్తరం: 'మానవతా దృక్పథంతో ఈ వివరాలు అందజేయడమైనది.' సుప్రజ ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఉత్తరాన్ని అడ్డంగా చించి పొయ్యిలో పెట్టింది. ఇచ్చిన మాటను నాలుగేళ్లు ఎగ్గొట్టి, చివరికి దయ తలచినట్టు రాశారు.

నోట్‌బుక్ పట్టుకుని వారం రోజులు ఇంటింటికీ తిరిగింది. ఒకప్పుడు ఊదమని బతిమాలిన గడపలే. కొందరు తిట్టారు, కొందరు మంచినీళ్లిచ్చారు. నూట పన్నెండు మందిలో తొమ్మిదిమంది ఇప్పుడు లేరు. వాళ్ల కాగితాలు ఆఖరికి ఉంచుకుంది. అవి ఇవ్వాలా వద్దా అని ఆదెమ్మను అడిగింది.

"వాళ్లియి వాళ్లకియ్యాల్సిందే," అంది ఆదెమ్మ. "దాచిపెట్టడానికి నువ్వేమన్నా యూనివర్సిటీవా?"

మొదట శ్రీదేవి ఇంటికి వెళ్లింది. ముప్పై ఏళ్లు ఉంటాయి. భర్త కోటేశ్వరరావు పోయి ఏడాది దాటింది. టీబీ అనుకుని ఏడాదిన్నర మందులు మింగించారు. ఆ మందులు మింగుతూనే క్వారీకి వెళ్లేవాడు. శ్రీదేవి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. సుప్రజ పక్కన కూర్చుని విషయం చెప్పి, కాగితం ఇచ్చింది.

శ్రీదేవి దాన్ని తిప్పి చూసింది. "ఏం రాశారక్కా?"

సుప్రజ చదివి చెప్పింది. నంబరు డెబ్బై మూడు. ముదిరిన దశ. వెంటనే పని మార్పించాలి, పెద్దాస్పత్రికి పంపాలి. తేదీ నాలుగేళ్ల కిందటిది.

"ఇది వాళ్లకి అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"రాసి పెట్టుకున్నారా?"

"రాసి పెట్టుకున్నారు."

శ్రీదేవి చేతులకున్న కారం అంటకుండా కాగితాన్ని కొంగుతో పట్టుకుని, అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన చేట బోర్లించింది. మళ్లీ కూర్చుని నాలుగు కాయలు తుంచింది. సుప్రజ లేవబోయింది.

"కూసో అక్కా," అంది శ్రీదేవి. "పిల్లలు బడి నుంచి వచ్చే వేళయింది. వాళ్ల నాన్నకి టీబీ అని వాళ్లతో ఎవురెవురో ఏందేందో అన్నారు. ఇప్పుడు చదివావే, అట్టాగే వాళ్లకి గూడా చదివి చెప్పి పో."

సుప్రజ చేట కింది నుంచి కాగితం తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మిరపకాయల కుప్పలోంచి తనూ ఒక దోసెడు తీసుకుని తొడిమలు తుంచుతూ కూర్చుంది.